చచ్చిన ఆవుకు ముప్పావు ధర

అమెరికా పల్లె కౌంటీల్లో పశుపాలకులకు అందే విపత్తు సాయం మాట వస్తే చాలామంది ఒకటే అంటారు: మంద చచ్చినా, గడ్డి ఎండినా ప్రభుత్వం చెక్కు రాస్తుంది, వాళ్లకు పోయేదేముంది? దక్షిణ డకోటాలో 2013 అక్టోబరులో జరిగింది తెలిసినవాళ్లకు ఆ మాట నోట రాదు.

ఆ నెల 3 నుంచి 5 దాకా అట్లాస్ మంచు తుపాను రాష్ట్రం పడమటి భాగాన్ని కమ్మేసింది. ముందు చల్లటి వాన పశువుల ఒళ్లు తడిపింది, ఆ వెంటనే పెనుగాలితో మంచు. ఆవులకు చలికాలపు బొచ్చు ఇంకా రాలేదు. చాలా మందలు చాటు లేని వేసవి బీళ్లలోనే ఉన్నాయి. గాలి తరిమిన దిక్కుకు నడిచి నడిచి కంచెల దగ్గర, వాగుల్లో వేలకు వేలు చచ్చాయి. వాటిలో చూడి ఆవులున్నాయి, అమ్మకానికి ఎదిగొచ్చిన దూడలున్నాయి.

మరి చెక్కు? పశునష్టపరిహార పథకం 2008 వ్యవసాయ చట్టంతో వచ్చింది, 2011 సెప్టెంబరు 30తో దాని గడువు తీరింది. అమెరికా కాంగ్రెస్ కొత్త చట్టం చేయలేదు. పైగా అక్టోబరు 1 నుంచి ఫెడరల్ ప్రభుత్వమే మూతబడింది. నష్టం చెప్పుకోవాల్సిన కౌంటీ వ్యవసాయ కార్యాలయాలకు తాళాలు! కళేబరాలను ఫోటోలు తీసి దాచుకోవడం తప్ప పశుపాలకులు చేయగలిగింది లేకపోయింది. 2014 ఫిబ్రవరిలో చట్టం వచ్చి పాత నష్టాలకూ వర్తించింది. దరఖాస్తులు ఏప్రిల్ 15న గానీ మొదలుకాలేదు. ఆ ఆరు నెలలూ ఆదుకున్నది చందాల నిధి, పొరుగు రాష్ట్రాల పశుపాలకులు తోలిచ్చిన పెయ్యలు.

ఇక వచ్చేదెంత? సగటు మార్కెట్ ధరలో 75 శాతం. అదీ ఏటా మామూలుగా పోయే పశువుల లెక్క తీసేశాకే. కడుపులోని దూడకు అప్పట్లో పైసా లేదు, దానికీ కొంత ఇవ్వాలన్న నిబంధన 2025 చట్టంతో వచ్చింది. ఆ నేలకూ ఆ చలికీ తట్టుకునే ఆవులను తరాల తరబడి ఏరి పెంచిన శ్రమకు ధరల పట్టికలో చోటే లేదు. కొత్త పెయ్య ఎదిగి, ఈని, దాని దూడ అమ్మకానికి వచ్చేసరికి రెండు మూడేళ్లు. బ్యాంకు వాయిదా అంతకాలం ఆగదు.

విమర్శకుల మాటలో నిజం ఉన్నది, కరువుకు బీళ్లు ఎండితే మేత ఖర్చుకు సాయమిచ్చే కరువు మేత పథకం విషయంలో. కౌంటీలో ఏ మూలనైనా 2014 చట్టం ప్రకారం వరుసగా 8 వారాలు, 2025 చట్టం వచ్చాక 4 వారాలు తీవ్ర కరువు ఉన్నట్టు కరువు పటం చూపిస్తే, కౌంటీ అంతటా అర్హులకు చెల్లిస్తారు. దక్షిణ డకోటాలోని మీడ్ కౌంటీ ఒక్కటే సుమారు 9,000 చదరపు కిలోమీటర్లు. వాన పడిన మూలకూ సొమ్ము చేరుతుంది. ఇది దిద్దాల్సిన తప్పే. అయినా అక్కడ కూడా లెక్కగట్టేది మేత ఖర్చులో 60 శాతమే. పటంలోని లోపాన్ని చూపించి, మంచులో మంద పోగొట్టుకున్నవాడికి ఇచ్చేదాన్ని దానం అనడం అన్యాయం. మొక్కజొన్న రైతు పంట బీమా ప్రీమియంలో సగటున సగానికి పైగా ఫెడరల్ ఖజానాయే కడుతుంది. ఆ రైతును ఇంతగా ఎవరు నిలదీస్తున్నారు?

కరువు లెక్కను కౌంటీ నుంచి బీడు దాకా దించమని కాంగ్రెస్‌ను అడగాలి. ప్రభుత్వం మూతబడినా నష్టం నమోదు ఆగకూడదని, పరిహారం మొదటి విడత బ్యాంకు వాయిదా కంటే ముందే చేతికందాలని అడగాలి.