బిడ్డల సాహసము - పెద్దల కీర్తికాంక్ష

పసిబిడ్డను మిద్దెగోడపై నిలువబెట్టి చేయి విడిచినవానిని ఎవ్వరును ధైర్యశాలి యనరు. ఆ బిడ్డనే విమానములో గూర్చుండబెట్టి పత్రికలవారిని పిలిచినచో లోకము చప్పట్లు కొట్టును. ఈ వెఱ్ఱికి 1996వ సంవత్సరమున అమెరికాలో మూడు ప్రాణములు బలియైనవి.

ఆ యేట ఏప్రిల్ 10వ తేదీన ఏడేండ్ల బాలిక యొకతె తండ్రితోను, శిక్షకునితోను ఒక్క ఇంజను గల చిన్న సెస్నా విమానమున కాలిఫోర్నియానుండి బయలుదేరెను. ఎనిమిది దినములలో తూర్పుతీరమునకు పోయి తిరిగివచ్చి, దేశమును విమానమున దాటినవారిలో అతిపిన్నయని పేరొందవలెనని సంకల్పము. కాళ్లు పెడళ్ల కందవు గనుక వానికి పొడిగింపులు తగిలించిరి. కూర్చుండుటకు ఎత్తు ఆసనము వేసిరి.

మఱునాటి యుదయము వయోమింగు రాష్ట్రమందలి షయెన్ పట్టణమున వాన కురియుచుండెను. ఉఱుముల మబ్బు విమానాశ్రయముపైకి వచ్చుచుండెను. ఆ స్థలము సముద్రమట్టమునకు 6,100 అడుగులకు మించిన యెత్తున నున్నది. అంత యెత్తున గాలి పలుచన. పలుచని గాలిలో ఇంజను శక్తియు, ఱెక్కల లేవనెత్తు బలమును తగ్గును. విమానమో, అనుమతించిన బరువుకంటె 43 కిలోలు అధికముగా మోయుచుండెను. అయినను ఆగలేదు. నేల విడిచిన కొద్దిసేపటికే, చాలినంత వేగము లేక, ఱెక్కలు పట్టుదప్పి, ఇండ్లనడుమ కూలెను. ముగ్గురును మరణించిరి.

దీనిని విధివ్రాత యనువారికి అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి యిచ్చిన సమాధానము గలదు. చెడు వాతావరణమున, అధికభారముతో ఎగుర నిశ్చయించిన శిక్షకుని నిర్ణయమే కారణము; పత్రికలకును టెలివిజనుకును ఇచ్చిన మాటలవలన గూడ బిగిసిన మితిమీఱిన ప్రయాణక్రమము అందులకు తోడయ్యెను. ఉఱుముకు వెఱవనివారు గడియారమునకు వెఱచిరి!

"సాహసమును అణచిన జాతి యెదుగునా?" అని కొందఱందురు. అపాయమెఱిగి, వలదనుటకు స్వాతంత్ర్యముండియు పూనుకొనుటయే సాహసము. ఏడేండ్ల బిడ్డ "నేడు వలదు" అనగలదా? ఆ దేశమున ఒంటరిగా విమానము నడుపుటకే పదునాఱేండ్లు నిండవలెను. చట్టము దృష్టిలో ఆమె ప్రయాణికురాలు మాత్రమే. కడపటి క్షణములలో విమానమును నడిపినవాడును శిక్షకుడేయని విచారణలో తేలెను. పేరు బిడ్డది, పట్టు పెద్దలది. పైగా గిన్నిస్ గ్రంథమువారు అతిపిన్న విమానచోదకుల పద్దును అంతకుమున్నే తొలగించియుండిరి. వ్రాయుటకు పుటయే లేని పేరుకై ఇంత జరిగినది!

అదే సంవత్సరమున అమెరికా శాసనసభ, లైసెన్సు లేనివారిచేత రికార్డులకై విమానము పట్టించుటను నిషేధించెను. మంచిదే. కాని చప్పట్లు కొట్టు చేతులను ఏ చట్టము కట్టగలదు?

మన యిండ్లలో విమానములు లేవు. ఆ తండ్రివంటి తండ్రులు లేరా? జ్వరముతోనున్న బిడ్డకు గజ్జెకట్టి, "సభవారికి మాటయిచ్చితిమి" అని రంగమెక్కించువారు లేరా? పత్రికలలో ర్యాంకుల పటముల నడుమ బిడ్డ ముఖము కనబడుటకై దాని నిద్రను అమ్ముకొనువారు లేరా? బిడ్డ తలయూపెను గదా యని వీరును చెప్పుదురు. తల్లిదండ్రులను సంతోషపెట్టుటకు బిడ్డ దేనికైనను తలయూపును. కనుకనే "నేడు వలదు" అను మాట పెద్దలు చెప్పవలసినది. చూచువారు ఏమనుకొందురో యని దానిని మ్రింగుకొనువాడు పిఱికివాడు. ఆ పిఱికితనమునకే నేడు మనము ప్రోత్సాహమని పేరు పెట్టుచున్నాము.