30 కౌంట్ అంటే ఎంత?

భీమవరం చెరువు గట్టు మీద 30 కౌంట్ అంటే తలతో సహా కిలోకు ముప్పై రొయ్యలు. అమెరికా దుకాణంలో ప్యాకెట్ మీద అదే 30 కనిపిస్తే అది పౌనుకు లెక్క, అదీ మామూలుగా తల తీసేసిన రొయ్యకు. ఇక్కడి రొయ్య 33 గ్రాములు తూగుతుంది. అక్కడిది 15 గ్రాములు. తల కలుపుకున్నా మన లెక్కలో నలభై దాటిన కౌంటే. అంకె ఒకటే, రొయ్య వేరు.

ఈ తేడా ట్రేడరుకు తెలుసు, ప్లాంటు గుమాస్తాకూ తెలుసు. కంప్యూటరుకు తెలియదు. చెరువు రిజిస్ట్రేషన్‌లో రొయ్య జాతి పేరు వనామి అని ఉంటుంది. ఒక కాగితంలో లిటోపీనియస్ వనామి, మరోదాంట్లో పీనియస్ వనామి, ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్ఏఓ జాబితాలో పీఎన్‌వీ. నాలుగూ ఒకే జీవి అని యంత్రానికి ఎవరో రాసి చెప్పాలి. పెళ్లింట్లో ఎవరికి ఎవరు ఏ వరసో చెప్పే పెద్దమ్మ ఉంటుందే, సరఫరా గొలుసులో ఆ పని చేసేదే ఆంటాలజీ. హేచరీ, మేత, చెరువు, ట్రేడరు, ప్లాంటు, కంటైనరు, వీటి వరసలన్నీ అందులో రాసి ఉంటాయి. అలా రాయడానికి ఔల్ అనే భాష 2004 నుంచే ఉంది.

అసలు కష్టం ఈ వరసల నుంచి యంత్రం తేల్చుకునే నియమాల దగ్గర. చెరువు సరుకు ట్రేడరుకు వెళ్లింది, ట్రేడరు సరుకు ప్లాంటుకు వెళ్లింది, కాబట్టి ప్లాంటు సరుకులో ఆ చెరువు రొయ్య ఉంది. ఇంతవరకూ ఎవరైనా రాస్తారు. కానీ ఒకే రాత్రి ఆరు చెరువుల పట్టుబడిని ఒకే లారీలో ఐసేసి కలిపితే? యూరప్ రేవులో ఆ సరుకులో యాంటీబయాటిక్ దొరికితే? నియమంలో ‘ఉంది’ అని రాస్తే ఆరుగురు రైతులూ దోషులే. ‘ఉండవచ్చు’ అని రాస్తే ఆరు చెరువులనూ విడివిడిగా పరీక్షించాల్సి వస్తుంది. ఒక్క క్రియాపదం మీద ఒక రైతు పరువు ఆధారపడి ఉంది. 2016లో యూరోపియన్ యూనియన్ మన సాగు రొయ్యల తనిఖీని 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. తప్పు ఎవరిదో చూపలేకపోతే భారం అందరి నెత్తినా పడుతుంది.

అమెరికా 2018 డిసెంబరు 31 నుంచి దిగుమతి రొయ్య ఎక్కడ పెరిగిందో చెప్పమంటోంది. 2020లో సముద్ర ఆహారం జాడ పట్టే జీడీఎస్టీ ప్రమాణాలూ వచ్చాయి. ఇవన్నీ కొనేవాళ్ల అవసరాల నుంచి పుట్టినవి. వాటిలో మన రైతు మాట ఎక్కడ? పెంకు మెత్తగా ఉంది, సాఫ్ట్ అని ధర కోసేటప్పుడు ఆ సాఫ్ట్‌కు కొలత ఏమిటో రైతు చేతిలో కాగితం ఉండాలి. ఎఫ్ఏఓ వ్యవసాయ పదకోశం ఆగ్రోవాక్‌లో తెలుగు ఇప్పటికే ఉంది. అంటే తెలుగులో రాయడం కుదరని పని కాదు.

సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ ఎంపెడా, రాష్ట్ర మత్స్యశాఖ అధికారులకు నా విన్నపం ఒక్కటే. సాఫ్ట్‌వేర్ కొనే ముందు రైతులనూ ట్రేడర్లనూ ఒకచోట కూర్చోబెట్టి ఈ మాటల పుస్తకం రాయించండి, అందరికీ తెరిచి పెట్టండి. మొదటి పేజీలో కౌంట్ అని రాసి, కిలోకా పౌనుకా, తలతోనా తల లేకుండానా అన్నది పక్కనే తేల్చండి.