ముద్ర గవానుది, వాక్యం ఎవరిది?

కొండపల్లి అనగానే తెలుగువారికి పొణికి కర్ర బొమ్మలు గుర్తుకొస్తాయి. పదిహేనవ శతాబ్దపు పారశీక వచన రచయిత ఒకడు ప్రాణాలు కోల్పోయిన చోటు కూడా అదే. 1481 ఏప్రిల్ 5న బహమనీ సుల్తాను మూడవ మహమ్మద్ షా తన ప్రధానమంత్రి మహమూద్ గవాన్‌కు అక్కడే మరణశిక్ష అమలు చేయించాడు.

పాఠ్యపుస్తకాల్లో గవాన్ పరిపాలకుడు మాత్రమే. నాలుగు తరఫులను ఎనిమిది చేశాడు, గోవా గెలిచాడు, 1472లో బీదరులో మదరసా కట్టించాడు. రచయిత గవాన్ ఊసే ఉండదు. కాస్పియన్ తీరపు గీలాన్‌లో పుట్టి, నలభై దాటిన వయసులో వర్తకుడిగా దాభోల్ రేవులో దిగిన ఈ మనిషి 'మనాజిరుల్ ఇన్షా' పేరిట లేఖారచనకు ఒక లక్షణగ్రంథమే రాశాడు. సొంత లేఖల సంపుటి 'రియాజుల్ ఇన్షా'. ఉస్మానీ సుల్తాను రెండవ మెహ్మద్‌కూ, హెరాత్ కవి జామీకీ రాసిన జాబులు అందులో ఉన్నాయి. మన రాయసం వంటిదే ఇన్షా. కాకపోతే పారశీకంలో అది సాహిత్య ప్రక్రియగా ఎదిగింది.

ఆ వచనం నేటి పాఠకుడికి ఊపిరాడనివ్వదు. క్రియాపదం చేరేలోగా విశేషణాల అడవి దాటాలి. అయితే దాన్ని వట్టి ఆడంబరమని తోసిపుచ్చడం తొందరపాటు. సంబోధనలో ఒక్క మాట తగ్గితే ఎదుటివాడి హోదా తగ్గినట్టే. రాసినవాడి చదువు, చేయి ప్రతి వాక్యంలోనూ తెలిసిపోతాయి.

అలాంటివాణ్ణి బలిగొన్నది ఒక దొంగ ఉత్తరం. తెలంగాణ తరఫును వరంగల్లు, రాజమహేంద్రవరాలుగా విడగొట్టడంతో మలిక్ హసన్ అధికారం సగమైంది. అతని కోపానికి కారణం లేకపోలేదు, చేసిన పని మాత్రం క్షమించరానిది. అతని వర్గం గవాన్ ముద్రాధికారికి మద్యం తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకుంది. ఒడిశా గజపతిని దండెత్తి రమ్మనే ఉత్తరం దానిమీద వెలసింది. ముద్ర తనదేననీ, రాత తనది కాదనీ గవాన్ చెప్పుకున్నాడని ఫెరిష్తా కథనం. నూరేళ్ళకు పైగా గడిచాక రాసిన చరిత్ర కనుక సంభాషణలను యథాతథంగా నమ్మనక్కరలేదు. కానీ ఆ కథలో అసలు ఘోరం కుట్ర కాదు. లేఖారచనకు సూత్రాలు రాసినవాడి కొలువులో, ఈ వాక్యం అతనిదేనా అని అడిగినవాడు ఒక్కడూ లేడు. మైకంలో ఉన్న సుల్తానుకు ముద్రే చాలింది. ఏడాది తిరగకుండానే అతడూ పోయాడు.

హరూన్ ఖాన్ షేర్వానీ 1942లో గవాన్ జీవితచరిత్ర ప్రచురించాడు. 'రియాజుల్ ఇన్షా' 1948లో హైదరాబాదులోనే అచ్చయింది. ఆ లేఖలు కొన్నయినా తెలుగులో అందరికీ అందాలి. కొంకణ దండయాత్ర శిబిరం నుంచి రాసినవాటితో మొదలుపెట్టవచ్చు. బీదరులో తన వెనుక జరుగుతున్న కుతంత్రాల గురించిన ఫిర్యాదులు వాటిలో ఉన్నాయి.