దిగేటప్పుడు గేరు వదలొద్దు

పోస్టు కొంచెం పొడుగే, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇంట్లో బండి నడిపే పిల్లలుంటే వాళ్ళకూ చూపించండి.

దిగుడు రోడ్డు రాగానే బండిని న్యూట్రల్‌లో వేసి వదిలేయడం మన దగ్గర పాత అలవాటు. కొందరు ఇంకో అడుగు ముందుకేసి ఇంజిన్ కూడా ఆపేస్తారు. అడిగితే ‘పెట్రోలు మిగులుతుంది కదా’ అంటారు. ఈ అలవాటుకు ఒకప్పుడు ఒక కారణం ఉండేది. ఇప్పుడు ఆ కారణం పోయింది, అలవాటు మాత్రం మిగిలింది. దాన్ని మన ఇళ్ళల్లో మనమే మాన్పించుకోవాలని మా మాట.

ముందు మనం ఎక్కడున్నామో చూసుకుందాం. కేజీఎఫ్, కోలార్, ముళబాగిలు అన్నీ సముద్రమట్టానికి ఇంచుమించు 800 నుంచి 850 మీటర్ల ఎత్తున ఉన్న ఊళ్ళు. తిరుపతి 160 మీటర్ల దగ్గర ఉంటుంది. అంటే తూర్పు వైపు ఏ పని మీద బయలుదేరినా ఎక్కడో ఒక చోట ఈ ఎత్తంతా దిగాల్సిందే. చిత్తూరు వెళ్తే పలమనేరు దాటాక మొగిలి ఘాట్. వేలూరు ఆస్పత్రికి వి.కోట మీదుగా పోతే పేర్ణంబట్టు దిగే ఘాట్. తిరుమల కొండ సంగతి సరే సరి. కేఏ-08 నంబరు బండి కనబడని ఘాట్ ఈ చుట్టుపక్కల లేదు. ఇన్ని దిగుళ్ళ మధ్య బతుకుతూ, దిగడం ఎలాగో మాత్రం మనం ఎవరికీ నేర్పం. లైసెన్స్ కోసం ఎనిమిది అంకె వేసి చూపిస్తాం. అది చదును నేల మీద వేసే ఎనిమిది.

ఇక ఈ అలవాటు ఎక్కడ పుట్టిందో చూద్దాం. మన నాన్నల కాలంలో ఇక్కడ తిరిగినవి ఎక్కువగా యెజ్డీ, రాజ్‌దూత్ బండ్లు. అవి టూ స్ట్రోక్. ఆయిల్‌ని పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళు. లోపల పిస్టన్‌కు తడి అందేది ఆ కలిపిన పెట్రోలుతోనే. గేరులో ఉంచి యాక్సిలరేటర్ పూర్తిగా మూసేసి పొడుగు దిగుడు దిగితే ఇంజిన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది, పెట్రోలు మాత్రం చుక్కలుగా వస్తుంది. దాంతో పాటు ఆయిలూ తగ్గిపోతుంది. పిస్టన్ పట్టేసే ప్రమాదం నిజంగానే ఉండేది. అందుకే తెలిసిన మెకానిక్కులు ‘దిగేటప్పుడు గేరు మీద ఎక్కువ ఆధారపడొద్దు, మధ్య మధ్యలో కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వు’ అనేవాళ్ళు. పైగా టూ స్ట్రోక్ ఇంజిన్ దిగుడులో బండిని పట్టి ఆపేదీ అంతంత మాత్రమే. కాబట్టి పెద్దవాళ్ళు తెలియక చెప్పిన మాట కాదది. వాళ్ళ బండికి అది సరైన మాటే.

ఇప్పుడు మన వాకిట్లో ఉన్న బండి అది కాదు. ఇప్పటిది ఫోర్ స్ట్రోక్. ఆయిల్ కింద వేరే ఉంటుంది, యాక్సిలరేటర్ మూసినా ఇంజిన్ తిరిగినంత సేపూ పైకి అందుతూనే ఉంటుంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 నియమం వచ్చాక కార్బురేటర్ పోయి చాలా బండ్లకు ఇంజెక్షన్ వచ్చింది. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఇంజెక్షన్ బండి గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా మూసి, కొంత వేగంతో దిగుతూ ఉంటే చాలా బండ్లలో కంప్యూటరు పెట్రోలును దాదాపు పూర్తిగా కట్ చేసేస్తుంది. ఇంజిన్‌ను తిప్పేది అప్పుడు చక్రమే. అదే బండిని న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోలు తాగుతూనే ఉండాలి. అంటే పెట్రోలు మిగలాలని న్యూట్రల్ వేసినవాడే ఎక్కువ పెట్రోలు కాలుస్తున్నాడు.

ఇంజిన్ ఆపేసినవాడికి పెట్రోలు మిగులుతుంది, కాదనం. కానీ తాళం తిప్పేశాక ముందు లైటు వెలగదు, బ్రేకు పట్టినా వెనక ఎర్ర లైటు వెలగదు. చీకటి పడ్డాక మొగిలి ఘాట్‌లో మన వెనక వచ్చే లారీవాడికి మనం ఉన్నట్టే తెలియదు. ఆ కొంచెం పెట్రోలు కోసం ఇంత పందెం కాయాలా?

గేరు బండిని ఎలా పట్టుకుంటుందో చదువు రానివాళ్ళకూ అర్థమయ్యేలా చెప్పొచ్చు. యాక్సిలరేటర్ మూస్తే ఇంజిన్‌కు గాలి వెళ్ళే దారి మూసుకుంటుంది. అయినా చక్రం దాన్ని తిప్పుతూనే ఉంటుంది. మూసిన దారి నుంచి గాలి లాగడానికి ఇంజిన్ ఆయాసపడుతుంది, ఆ ఆయాసమే బండిని వెనక్కి పట్టి లాగుతుంది. గేరు ఎంత తగ్గిస్తే ఇంజిన్ అంత వేగంగా తిరగాలి, పట్టు అంత పెరుగుతుంది. న్యూట్రల్‌లో ఈ పట్టు సున్నా. బండి బరువు, మన బరువు, వెనక కూర్చున్న మనిషి బరువు మొత్తం రెండు బ్రేకుల మీద పడుతుంది.

బ్రేకు చేసే పని ఒకటే, వేగాన్ని వేడిగా మార్చడం. పది నిమిషాలు వదలకుండా నొక్కి పెడితే డ్రమ్ము కాలిపోతుంది, లైనింగు పట్టు తగ్గుతుంది. డిస్క్ అయితే బ్రేక్ ఆయిల్ వేడెక్కుతుంది. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకునే రకం. ఏళ్ళ తరబడి మార్చకపోతే అందులో చేరిన నీరు మరిగి బుడగలు కడుతుంది, లివర్ మెత్తబడి చేతి దాకా వచ్చేస్తుంది. ‘మా బండికి ఏబీఎస్ ఉంది’ అనే తమ్ముళ్ళు ఒక మాట గుర్తుంచుకోవాలి. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది, బ్రేకు వేడెక్కకుండా చూడదు.

ఇది కేజీఎఫ్ వాళ్ళకు కొత్త విద్యేమీ కాదు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు పైగా లోతు. అలాంటి లోతుకు మనుషుల్ని దించే వైండింగ్ ఇంజిన్ పని తీరు తెలిసిన కుటుంబాలు మన మధ్య ఇంకా ఉన్నాయి. ఒక కేజ్ దిగుతుంటే ఇంకోటి పైకి వస్తుంది, ఒకదాని బరువు ఇంకోదానికి తూకం. వేగాన్ని ఇంజిన్‌తోనే అదుపులో పెట్టి, చివర నిలబెట్టడానికి బ్రేకు వాడటం ఆ పనిలో మూల సూత్రం. కేజ్‌ను ఉత్త బ్రేకు మీద వదిలేస్తాను అన్నవాడిని ఎవరూ ఆ కుర్చీలో కూర్చోబెట్టరు. అలాంటి ఊరి పిల్లలు బండిని ఉత్త బ్రేకు మీద వదిలేయడం మనకు నప్పుతుందా?

మరి దిగడం ఎలా? పాత లారీ డ్రైవర్ల లెక్క ఇప్పటికీ చెల్లుతుంది: ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగు. దిగుడు మొదలవక ముందే, రోడ్డు తిన్నగా ఉన్న చోట బ్రేకుతో వేగం తగ్గించాలి. తర్వాత ఒక్కొక్క గేరే తగ్గించాలి. క్లచ్ టక్కున వదలకుండా మెల్లగా వదలాలి, వదిలే ముందు యాక్సిలరేటర్ పిసరంత ఇస్తే కుదుపు ఉండదు. ఐదు నుంచి రెండుకు దూకితే వెనక చక్రం గెంతుతుంది. అలా గెంతితే వెంటనే క్లచ్ పట్టేయాలి. మలుపు మధ్యలో గేరు మార్చొద్దు. గేరుతో వేగం తగ్గినప్పుడు బ్రేక్ లైటు వెలగదు, కాబట్టి వెనక బండి ఉంటే లివర్‌ను కొంచెం తాకి లైటు వెలిగించాలి. ఇంకా వేగం పెరుగుతుంటే బ్రేకు వేసి వదలాలి, మళ్ళీ వేయాలి. ఒకేలా రుద్దుతూ పోకూడదు.

బండి బండికీ గేరు వరస మారుతుందని మరిచిపోవద్దు. స్ప్లెండర్‌లో కాలి ముందు భాగంతో నొక్కితే గేరు పెరుగుతుంది, మడమతో నొక్కితే తగ్గుతుంది. చాలా పెద్ద బండ్లలో ముందు నొక్కితే తగ్గుతుంది. స్నేహితుడి బండి తీసుకుని ఘాట్ దిగేవాడు తగ్గించబోయి పెంచేస్తాడు. ముందు చదును రోడ్డు మీద చూసుకోవాలి. గేరు లేని స్కూటర్లకు ఈ పట్టు తక్కువ, వేగం బాగా తగ్గితే క్లచ్ తనంతట తానే విడిపోయి అసలు పట్టే ఉండదు. స్కూటర్ మీద ఇద్దరు పెద్దవాళ్ళు ఘాట్ దిగుతుంటే మధ్యలో ఆగి బ్రేకులు చల్లారనివ్వడం తప్ప మార్గం లేదు.

రెండు అభ్యంతరాలు మాకు తెలుసు. మొదటిది, ‘ఇంజిన్ అరిగిపోతుంది, బ్రేక్ లైనింగ్ చవక’ అనేది. చదును రోడ్డు మీద ఈ మాట నిజమే. ప్రతి సిగ్నల్ దగ్గరా గేరుతో ఆపాల్సిన పని లేదు, బ్రేకు ఉన్నది అందుకే. మేము చెప్పేది పొడుగు దిగుళ్ళ గురించి. అక్కడ సరైన గేరులో ఇంజిన్ తిరిగితే దానికేమీ కాదు. చెడగొట్టేది గేర్లు దూకడం. రెండోది కుర్రాళ్ళ వైపు నుంచి. రాబర్ట్‌సన్‌పేట బజారులో సైలెన్సర్ మార్చి, గేరు దించుతూ పటపటలాడించడం వాళ్ళకు స్టైలు. అది ఇంజిన్ బ్రేకింగ్ కాదు, శబ్దం. సరిగ్గా గేరు దించినవాడి బండి చప్పుడు పక్కవాడికి తెలియను కూడా తెలియదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి. కోతల కాలంలో రాగి, ఉలవ కట్టలు నూర్పిడికి రోడ్డు మీదే పరుస్తారు. టమాటా కాలంలో బండ్ల నుంచి జారిన కాయలు చితికి రోడ్డంతా జారుడుగా ఉంటుంది. అలాంటి చోట గేరు గట్టిగా దించినా బ్రేకు గట్టిగా పట్టినా ఫలితం ఒకటే, వెనక చక్రం బిగుసుకుని జారుతుంది. అక్కడికి చేరక ముందే నెమ్మదించాలి.

తిరుమలకు బండ్ల మీద వెళ్ళే పిల్లలకు ఇంకో మాట. మీరు దిగే పాత ఘాట్ రోడ్డు 1944లో తెరిచింది. ఆ దారి రూపకల్పనలో చేయి పెట్టిన విశ్వేశ్వరయ్య గారు పుట్టిన ముద్దేనహళ్ళి, 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా విడిపోయే దాకా మన కోలార్ జిల్లాదే. అన్ని మలుపులు తిప్పి రోడ్డు వేసింది మనం మెల్లగా దిగాలనే.

చివరగా సంఘానికి మా విన్నపం. తిరుమల యాత్రకు పిల్లలు బండ్లు తీసేముందు ఒక ఆదివారం పొద్దున ఖాళీ మైదానంలో గంటసేపు గేరు దించడం సాధన చేయిద్దాం. మన మధ్య ఉన్న మెకానిక్కు అన్నలు ఆ రోజు బ్రేక్ ఆయిల్, లైనింగు చూసిపెడితే ఇంకా మేలు. ఖర్చేమీ కాదు. పెద్దవాళ్ళు కూడా ఇంట్లో ఒక మాట అనండి: ‘మా యెజ్డీకి చెప్పింది వేరు, నీ బండికి వేరు. గేరులోనే దిగు నాయనా’ అని. మేము చెప్పిన దానికంటే ఆ మాట వాళ్ళ చెవికి బాగా ఎక్కుతుంది. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి, తేదీ కలిసి అనుకుందాం.