చెవికి పట్టు మాసిక

మా యెడమచెవి సంగతి చిట్గుప్పలో మనవారందరికీ తెలిసిందే. చిన్నప్పుడు చెవిపోటు వస్తే మా అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసేది. పోటు తగ్గేది గాని లోపలి చీము తగ్గలేదు. చివరకు కర్ణభేరికి చిల్లు పడింది. అవ్వను తప్పుపట్టడం లేదు; ఆమెకు తెలిసిన వైద్యం అదే.

ఆఫీసులో కన్నడంలో పిలిచినా తెలుగులో పిలిచినా, కుడిపక్కనుంచి పిలిస్తేనే పలుకుతాము. ఎడమపక్కనుంచి పిలిచినవారు మాకు పొగరనుకున్నారు.

కర్ణభేరి అడ్డంగా సుమారు 1 సెంటీమీటరు. మందం మిల్లీమీటరులో పదోవంతు. కొత్తగా పడిన చిన్న చిల్లు చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే పూడుతుంది. ఏళ్ళనాటి చిల్లు అలా పూడదు. 1887లో బోస్టను వైద్యుడు బ్లేక్ కాగితపు ముక్క అంటించి చూశాడు. ఇప్పటి డాక్టర్లు సాధారణంగా చెవిపైనున్న కండరం మీది పలుచని పొర తీసి మాసిక వేస్తారు.

ఆస్ట్రేలియాలో పెర్త్ నగరపు ఇయర్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వారు, డాక్టర్ మార్కస్ అట్లాస్ నాయకత్వాన, డీకిన్ విశ్వవిద్యాలయం వారితో కలిసి ఆ మాసికను పట్టుతో తయారుచేశారు. పేరు క్లియర్‌డ్రమ్. పట్టుగూళ్ళను ఉడికించి సెరిసిన్ అనే జిగురు తీసివేస్తారు. మిగిలిన ఫైబ్రాయిన్‌ను కరిగించి పలుచని పొరగా పోస్తారు. దాని ఆసరాతో మన కణాలు పాకి చిల్లును మూయాలని వారి ఉద్దేశం. వంటినుంచి పొర కోసి తీసే పని ఉండదు.

ఈ సంగతి యింట్లో చదివి వినిపించాము. "నా పెళ్ళినాటి ధర్మవరం చీర బీరువాలో ఉంది, అంచు చింపి యిమ్మంటారా?" అంది మా యింటావిడ. చీరలో ఉన్నదీ ఆ పురుగు దారమే గదా!

పట్టు మాసిక వచ్చాకనే చూసుకుందామని మా ఆశ. కత్తి అంటే భయమని వేరే చెప్పాలా? కాని అది మన ఊళ్ళ ఆసుపత్రుల్లో యింకా మామూలు వైద్యం కాలేదు. బీదరు డాక్టరుగారు, "పట్టుకోసం కూర్చోకండి. చీము ఎముకదాకా పోతే ప్రమాదం. ఉన్న పద్ధతీ మంచిదే" అన్నారు. మేము ఇంకా గునుస్తూ ఉంటే మా చిన్నమ్మాయి, "నాన్నా, నీకు ఎడమపక్కన కూర్చుని ఒక్క మాటయినా చెప్పాలని ఉంది" అంది. దాంతో ఒప్పుకున్నాము. వచ్చే నెలలో ఆపరేషను.

పిల్లల చెవి కారితే నూనె పోయకండి, పిన్నీసు పెట్టకండి, డాక్టరుకు చూపండి. వచ్చే సంచికలో ఈ పేజీ కనబడకపోతే కారణం మీకు తెలుసు. ఆపై కలిసినప్పుడు, ఏ పక్కనుంచయినా పిలిచి చూడండి.