సంతకం పెట్టొద్దు తమ్ముడూ, కేసు పెడదాం

 

పోస్టు పెద్దది. అయినా చివరిదాకా చదవండి.

ఉట్నూరు నుంచి, ఇల్లందు నుంచి, మహబూబాబాద్ తండాల నుంచి వచ్చి కండ్లకోయ కాలేజీల చుట్టూ రూముల్లో ఉంటున్నం మనం. ఊర్లో ఎవరికి జబ్బు చేసినా ఫోను మనకే. "సిటీల ఉన్నవ్ గద బిడ్డా, మంచి దవాఖాన చూడు" అంటరు.

మొన్న మన తమ్ముడొకడు అట్లనే వాళ్ళమ్మను తెచ్చి ఒక ప్రైవేటు దవాఖానలో ఆరోగ్యశ్రీ మీద కడుపు ఆపరేషన్ చేయించిండు. నాలుగో రోజు కుట్ల దగ్గర చీము, చలిజ్వరం. రెండు రోజులు "మామూలే" అన్నరు. తర్వాత మళ్ళీ కోసి కడిగిన్రు. ఆమె బతికింది కానీ కూలికి పోయే శక్తి లేదు. ఇప్పుడు నలభై వేలు ఇస్తరట, "మాకు ఏ ఫిర్యాదూ లేదు" అని సంతకం పెట్టాలట. పెద్దమనుషులు తీసుకొమ్మంటున్నరు. నేను వద్దంటున్న.

"ఫ్రీగా చేసిండ్రు, ఏ మొఖంతో అడుగుతం?" ఇది పెద్దల మొదటి మాట. తప్పు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే దవాఖానలో ఉచితంగా చేయించుకున్నోళ్ళు కూడా వినియోగదారులే అని సుప్రీంకోర్టు 1995లోనే వి.పి. శాంత కేసులో చెప్పింది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే సర్కారు దవాఖాన ఆ చట్టం కిందికి రాదు. అక్కడ తప్పు జరిగితే సివిల్ కోర్టు ఉంది, హైకోర్టు ఉంది.

"ఇచ్చింది తీసుకోవాలె" రెండో మాట. ఇబ్రహీంపట్నం గుర్తుందా? 2022 ఆగస్టు 25న ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసిన్రు. ఇన్ఫెక్షన్‌తో నలుగురు తల్లులు చచ్చిపోయిన్రు. మిగిలినోళ్ళను నిమ్స్‌కు, అపోలోకు తరలించిన్రు. ఇట్లాంటి క్యాంపులు మూడేళ్ళలో ఆపాలని సుప్రీంకోర్టు దేవికా బిశ్వాస్ కేసులో 2016లోనే చెప్పింది. ఆరేళ్ళయినా ఆగలేదు. చనిపోయినోళ్ళ కుటుంబాలకు 5 లక్షలు, డబుల్ బెడ్రూం ఇల్లు అని సర్కారు ప్రకటించింది. దాన్ని ఎక్స్‌గ్రేషియా అంటరు, అంటే దయతో ఇచ్చేది. నష్టపరిహారం అంటే తప్పు ఎవరిదో తేల్చి, హక్కుగా వసూలు చేసేది. దయ దగ్గర తప్పు తేలదు. తేలనంతకాలం రేపు ఇంకో తల్లి అదే బల్ల మీద పడుకుంటది.

"ఇన్ఫెక్షన్ ఎవరికైనా వస్తది" దవాఖానోళ్ళ మాట. సగం నిజమే. జాగ్రత్తలన్నీ తీసుకున్నా కొందరికి వస్తది. ప్రతి చీము వెనుక నిర్లక్ష్యం ఉందంటే కోర్టు ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. అందుకే మన ఫిర్యాదు "ఇన్ఫెక్షన్ వచ్చింది" అని ఉండొద్దు. పనిముట్లు సరిగ్గా స్టెరిలైజ్ చేసిన్రా, ఆ రిజిస్టర్ ఏది? చలిజ్వరం వచ్చినంక ఎన్ని గంటలకు డాక్టర్ చూసిండు? చీము కల్చర్ టెస్టుకు పంపిన్రా? ఆ రెండు రోజుల ఆలస్యమే మన కేసు.

దానికి కాగితాలు కావాలె. కేస్ షీట్, నర్సుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, డిశ్చార్జ్ సమ్మరీ. రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. సర్కారు దవాఖాన అయితే సమాచార హక్కు కింద కూడా అడగొచ్చు. కుట్ల ఫోటోలు తేదీతో సహా దాచిపెట్టండి.

మన హైదరాబాద్ కేసే ఒకటుంది. వి. కిషన్‌రావు మలేరియా విభాగంలో ఉద్యోగి. 2002లో ఆయన భార్యకు మలేరియా వస్తే దవాఖానలో టైఫాయిడ్ మందులిచ్చిన్రు, ఆమె చనిపోయింది. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇచ్చింది. నిపుణుడి సాక్ష్యం లేదని పై కమిషన్ కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టి, ప్రతి కేసులో నిపుణుడు అక్కర్లేదన్నది. ఎనిమిదేళ్ళు పట్టింది, అబద్ధం చెప్పను. కానీ ఆయన గెలిచింది తన ఒక్కడి కోసం కాదు.

"లాయర్‌కు పైసలెక్కడివి?" అంటరా? ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం సెక్షన్ 12 ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కుల ధ్రువపత్రంతో పోవాలె. సేవ విలువ 5 లక్షల లోపు ఉంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు లేదు. మనం ఉండే చోటే వేయొచ్చు. గడువు రెండేళ్ళు.

ఇంకొక్క మాట. కోపమొచ్చి దవాఖాన అద్దాలు పగలగొట్టొద్దు. 2008 చట్టం కింద మూడేళ్ళ దాకా జైలు, నష్టానికి రెండింతలు కట్టాలె. అప్పుడు ముద్దాయిలం మనమైతం, వాళ్ళ తప్పు మాసిపోతది.

అసలు కోపం నాకు మన మీదనే. ఎవరైనా పోతే గ్రూపులో దండం బొమ్మలు వంద పెడతం. కేస్ షీట్ కోసం ఒక దరఖాస్తు రాసేటోడు ఒక్కడు ఉండడు. మన తాతలు చదువు రాక వేలిముద్ర వేసి భూములు పోగొట్టుకున్నరు. బీటెక్ చదివి మనం సంతకం పెట్టి అమ్మల ప్రాణం అమ్ముకుందామా?

తమ్ముడూ, సోమవారం ఆ కాగితం తెస్తరట. వద్దని చెప్పు. దరఖాస్తు నేను రాస్త, నీతో వస్త. ఇంకెవరొస్తరో కింద పేరు రాయండి.