పిల్లల శ్రుతికి పాటా? పాట శ్రుతికి పిల్లలా?

కిందటి ఉగాది కార్యక్రమంలో మా అమ్మాయి చరణం మధ్యలో పాట ఆపేసింది. తప్పు దాని గొంతుది కాదు. ఇంటర్నెట్టు నుంచి దించిన ట్రాకు దానికి రెండు శ్రుతులు ఎక్కువ. పై స్వరం అందలేదు, ట్రాకు ఆగలేదు. పిల్ల కళ్ళనీళ్ళతో వేదిక దిగింది.

ఆ రాత్రి ఉమ్ ఘువైలినాలోని మా ఫ్లాటుకు వచ్చి చూద్దును గదా, ఎప్పుడో ముచ్చటపడి కొన్న కీబోర్డు బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉంది. బల్ల మీద కంప్యూటరు ఉంది. మీలో చాలామంది ఇళ్ళలోనూ ఇంతే కదా! ఈ రెంటికీ ముడివేస్తే మన ట్రాకు మనమే కట్టుకోవచ్చు.

ఆ ముడి పేరు 'మిడి'. అమెరికా, జపాన్ వాద్య తయారీదారులు కలిసి 1983లో తెచ్చిన ఉమ్మడి భాష ఇది. ఇందుకే డేవ్ స్మిత్, ఇకుతారో కకెహషిలకు 2013లో సాంకేతిక గ్రామీ దక్కింది. దీని తీగలో వెళ్ళేది శబ్దం కాదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు అన్న కబురు మాత్రమే. అందువల్ల వాయించిన తరువాత కూడా శ్రుతి దించవచ్చు, నడక తగ్గించవచ్చు, వేణువును వీణగా మార్చవచ్చు.

కీబోర్డుకు యు.ఎస్.బి. ఉంటే ఒక్క తీగ చాలు. పాతదై అయిదు పిన్నుల గుండ్రటి సాకెట్లుంటే మధ్యలో చిన్న ఇంటర్‌ఫేసు కావాలి. కీబోర్డు 'అవుట్' దాని 'ఇన్'లోకి వెళ్ళాలి. ఆపిల్ కంప్యూటరుకు గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. మెట్టు నొక్కాక శబ్దం ఆలస్యమైతే సెట్టింగులలో 'బఫర్' 1024 నుంచి 128కి తగ్గించండి. ఆలస్యం సుమారు 23 మిల్లీసెకన్ల నుంచి 3కు దిగుతుంది. హెడ్‌ఫోన్లు మాత్రం మరువకండి, పక్క ఫ్లాటువారికి శుక్రవారం నిద్ర ముఖ్యం!

"గమకం పలకని పెట్టెతో మన సంగీతమా?" అని పెద్దలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఈ కారణం మీదనే ఆకాశవాణి 1940లో హార్మోనియంను నిషేధించింది, 1971లో గాని సడలించలేదు. అయినా మన ఊళ్ళలో పద్యనాటకాలు ఆ పెట్టెతోనే తెల్లవార్లూ సాగాయి. గమకం పాడేవారి గొంతులో ఉండాలి. పెట్టె శ్రుతి తప్పకపోతే చాలు.

ఈ చలికాలం మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఆమె పాడే మంగళహారతికి ఎక్కడా ట్రాకు దొరకదు. మనుమరాలు నాయనమ్మ గొంతుకు సరిపడే శ్రుతి వెదికి, నాలుగు శుక్రవారాలు కూర్చుని ట్రాకు కట్టింది. అమ్మ పాడింది, మేము రికార్డు చేశాము. వీసా గడువు తీరి ఆమె వెళ్ళిపోయింది, పాట మా ఇంట్లో ఉండిపోయింది. ఇప్పుడు అదే ట్రాకును తన శ్రుతికి మార్చుకుని పిల్ల పాడుతోంది.

దించిన ట్రాకులు వద్దనను. కాని అవి అందరికీ తెలిసిన పాటలనే మిగులుస్తాయి. మన ఇళ్ళ పాటలను మనమే మిగుల్చుకోవాలి. వచ్చే ఉగాదికి ఇంటికొక్క సొంత ట్రాకు తెద్దామా? బీరువా మీది కీబోర్డు దించండి!